నడక చూసి పట్టే జబ్బు

నంద్యాలలో నరాల జబ్బు అనగానే చుట్టుపక్కలవాళ్లు అడిగే మొదటి మాట "స్కానింగ్ తీయించినారా?" అని. కొడుకు ఎక్కడో అక్కడ డబ్బు సర్దుకుని తండ్రికి ఎమ్మారై తీయిస్తాడు. రిపోర్టులో వయసుతో వచ్చే చిన్నాచితకా మార్పులు తప్ప ఏమీ ఉండవు. అంతా నార్మలే, నరాల బలహీనత అన్న మాట విని, బలం మాత్రల చీటీ తీసుకుని ఇద్దరూ ఆళ్లగడ్డ బస్సెక్కుతారు. సీట్లో కూర్చున్న తండ్రి కుడిచేయి ఒళ్లో వణుకుతూనే ఉంటుంది.

ఆ స్కాన్ అబద్ధం చెప్పలేదు. పార్కిన్సన్ జబ్బులో మామూలు ఎమ్మారై చాలావరకు నార్మల్‌గానే వస్తుంది. మామూలు రక్తపరీక్షల్లోనూ ఏమీ తేలదు. మెదడులో డోపమైన్ అనే రసాయనంతో నడిచే వ్యవస్థ ఎంత దెబ్బతిన్నదో చూపించే ప్రత్యేక స్కాన్‌లు పెద్ద నగరాల్లో ఉన్నాయి గానీ, అవి అనుమానం తీరని కొద్దిమందికే అవసరం. ఎమ్మారై తీయించేది ఈ జబ్బును పట్టుకోవడానికి కాదు, ఇలాగే కనిపించే మరో జబ్బు లేదని రూఢి చేసుకోవడానికి. అసలు జబ్బు బయటపడేది మనిషి కుర్చీలోంచి లేచే తీరులో, నడిచేటప్పుడు ఊగని చేతిలో, వేళ్లు ఆడించమంటే పది సార్లకే చిన్నబోయే కదలికలో. వాటిని చూడటానికి ఒక కుర్చీ, పదిహేను అడుగుల వరండా, తెల్లకాగితం, పావుగంట ఓపిక చాలు. రెండు వందల ఏళ్లుగా వైద్యులు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ వచ్చిన ఈ పరీక్ష నంద్యాల జిల్లాకు ఏ కొత్త యంత్రం కన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ఈ విద్య పుట్టిందే వీధిలో. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వణుకుడు వాతం మీద ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఆయన వర్ణించింది ఆరుగురినే. వాళ్లలో ఇద్దరు దారిలో తారసపడ్డవాళ్లు, ఇంకొకరిని దూరం నుంచి చూశాడంతే. ముందుకు వంగిన ఒళ్లు, పరుగులోకి దిగే చిన్న చిన్న అడుగులు, ఊరికే ఉన్నప్పుడు వణికే చేయి, అన్నీ కంటితో చూసి రాసినవే. ఒంటిమీద చేయి వేసి చూడలేదు కాబట్టి కండరాల బిగువు సంగతి ఆయనకు తెలియలేదు. ఆ లోటును పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో జాన్ మార్టిన్ షార్కో తీర్చాడు. వణుకు లేకుండా కూడా ఈ జబ్బు ఉండొచ్చని, రోగిలో కనిపించేది బలహీనత కాదని, కదలిక నెమ్మదించడమేనని చెప్పింది ఆయనే. జబ్బుకు పార్కిన్సన్ పేరు పెట్టిందీ ఆయనే. తల వణుకు వెనక బెంచీల్లో కూర్చున్నవాళ్లకు కూడా కనిపించాలని రోగుల తలలకు పొడవాటి ఈకలు కట్టించి పాఠం చెప్పేవాడట. తర్వాతి కాలంలో మెదడు అడుగున నల్లటి పదార్థం ఉన్న చోట కణాలు నశించడమే దీనికి మూలమని 1919లో ట్రెటియాకాఫ్ అనే వైద్యుడు చూపాడు. అక్కడ తయారయ్యే డోపమైన్ ఈ రోగుల మెదళ్లలో బాగా తగ్గిపోయిందని 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. కారణం తెలిసింది, మందు వచ్చింది. జబ్బును గుర్తుపట్టే దారి మాత్రం నేటికీ షార్కో వేసినదే.

ఆ పరీక్ష ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం.

మంచి వైద్యుడు పరీక్షను రోగి గుమ్మంలోకి వచ్చినప్పుడే మొదలుపెడతాడు. గడప దాటేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగాయా, రెండు చేతుల్లో ఒకటి ఒంటికి అంటుకుని ఉండిపోయిందా, ఒక కాలి చెప్పు నేలను రాస్తోందా అన్నవి ముందే గమనిస్తాడు. రోగి కూర్చున్నాక ముఖం చూస్తాడు. రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది, కోపమో నిర్లిప్తతో అనిపించేలా ముఖం కదలకుండా ఉంటుంది. "మా నాయన ఈ మధ్య నవ్వడం మానేసినాడు, మా మీద అలిగినాడేమో అనుకున్యాం" అని కూతుళ్లు చెప్పడం దీని గురించే.

తర్వాత చేతులు. రెండు చేతులూ ఒళ్లో ఊరికే వదిలేయమని చెప్పి, "పెద్దాయనా, నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టండి" అంటాడు. మనసు లెక్క మీదికి పోగానే, అంతదాకా దాగి ఉన్న వణుకు బయటికొస్తుంది. బొటనవేలు, చూపుడువేలు మాత్రను నలుపుతున్నట్టు సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు కదులుతాయి. ఎక్కువమందికి మొదట ఒక్కవైపే. చేయి ఎత్తి గ్లాసు పట్టుకోగానే వణుకు ఆగిపోతుంది లేదా కాసేపు తగ్గుతుంది. ఈ సంగతి చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఆళ్లగడ్డలో రాయి చెక్కే శిల్పికి ఉలి పట్టుకున్నప్పుడు చేయి నిలకడగానే ఉండి, పని ఆపి టీ కోసం కూర్చున్నప్పుడు వణికిందనుకోండి. "పనిలో లేని వణుకు జబ్బెలా అవుతుంది" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. నిజానికి పనిలో లేని, విశ్రాంతిలో వచ్చే వణుకే పార్కిన్సన్‌ను ఎక్కువగా పట్టిచ్చేది. రాతిని కోసే మిషను గంటల తరబడి పట్టుకుని వేళ్లు తిమ్మిరెక్కడం, చలికి తెల్లబడటం వేరే సమస్య. దానికి దీనికి సంబంధం లేదు.

ఇక అసలైన ఘట్టం. బొటనవేలికి చూపుడువేలిని వీలైనంత వెడల్పుగా, వీలైనంత వేగంగా తాకించమంటారు. మొదటి నాలుగైదు సార్లు బాగానే ఉంటుంది. పదోసారికి వేళ్ల మధ్య ఎడం తగ్గిపోతుంది, మధ్యలో ఒకటి రెండు సార్లు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అందుకే తొందరపడి ఐదింటితో ఆపేసే డాక్టరుకు ఇది దొరకదు. కనీసం పదిహేను వరకు చూడాలి. గుప్పిట మూసి తెరవడం, అరచేయి బోర్లించి వెల్లకిలా తిప్పడం, మడమ నేలకు ఆనించి పాదం తాళం వేయడం, అన్నింటిలోనూ వెతికేది ఇదే. కదలిక నెమ్మదించడం, దానితో పాటు క్రమంగా చిన్నదైపోవడం. ఇది లేకపోతే పార్కిన్సన్ అనకూడదు. 2015లో అంతర్జాతీయ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ ఖరారు చేసిన నిబంధనల ప్రకారం ఈ నెమ్మది ఉండి తీరాలి, దానికి తోడు విశ్రాంతి వణుకో, బిగువో, రెండూనో ఉండాలి. వణుకు లేనివాళ్లు పాతిక నుంచి ముప్పై శాతం దాకా ఉంటారు. మన ఊళ్లలో జబ్బు ఎక్కువ కాలం పేరు లేకుండా ఉండిపోయేది వాళ్లకే.

బిగువు చూడటానికి వైద్యుడు రోగి చేతిని తన చేతుల్లోకి తీసుకుంటాడు. "చేయి నాకు వదిలేయండి, మీరు సాయం చేయొద్దు" అని, మణికట్టును నెమ్మదిగా తిప్పుతాడు. ఎటు తిప్పినా ఒకే తీరు బిగువు, మధ్యమధ్య పళ్లచక్రం తిరుగుతున్నట్టు టక్కుటక్కున ఆగడం చేతికి తెలుస్తుంది. తొలిరోజుల్లో ఇదీ దొరక్కపోవచ్చు. అప్పుడు రెండో చేత్తో గుప్పిట మూసి తెరవమంటారు. అలా చేయగానే పరీక్షిస్తున్న చేతిలో దాగి ఉన్న బిగువు బయటపడుతుంది. ఫ్రెంచి వైద్యుడు జూల్ ఫ్రోమెంట్ పేరుతో చెప్పుకునే ఈ చిట్కాకు పైసా ఖర్చు లేదు. ఇదే సమయంలో బలం కూడా చూడాలి. రోగి చేతిని నొక్కితే, ఎదురు నొక్కమంటే, బలం ఉంటుంది. పక్షవాతంలో బలం పోతుంది, అదీ ఉన్నట్టుండి ఒక పూటలో పోతుంది. ఇక్కడ బలం ఉంటుంది, వేగం పోతుంది, అదీ నెలల మీద, ఏళ్ల మీద. ఈ ఒక్క తేడా తెలియక రక్తం పలచబడే మాత్రల మీద ఏళ్లు గడిపినవాళ్లు ఉన్నారు.

చివరికి నడక. వరండా పొడవునా నడిపించి, వెనక్కి తిరగమంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకటి రెండు అడుగుల్లో తిరిగేస్తాడు. పార్కిన్సన్ ఉన్నవాడు ఒళ్లంతా ఒకే ముక్కగా, ఐదారు చిన్న అడుగులు వేస్తూ తిరుగుతాడు. తర్వాత వైద్యుడు రోగి వెనక నిలబడి, ముందే చెప్పి, భుజాలు పట్టి వెనక్కి గట్టిగా ఒక్క లాగు లాగుతాడు. ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంటే మంచిదే. మాను పడ్డట్టు వెనక్కి వాలిపోతే జబ్బు ముదిరిందనో, లేదా ఇది పార్కిన్సన్ కాదనో అనుకోవాలి. పట్టుకోవడానికి సిద్ధంగా ఉండి చేయాల్సిన పరీక్ష ఇది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు.

ఇంట్లోవాళ్లు చూడగలిగినవి వేరే ఉన్నాయి, వాటి విలువ తక్కువేమీ కాదు. మన పెద్దవాళ్లలో చాలామంది రామకోటి రాస్తారు. ఆ పుస్తకాలను తేదీల వరసన పక్కపక్కన పెట్టి చూడండి. రెండేళ్ల కిందట గడి నిండా ఉన్న అక్షరం ఇప్పుడు గడిలో సగానికి కుదించుకుపోయిందా? ఒకే వరసలో మొదటి పేరు పెద్దగా మొదలై చివరి పేరు చీమతలంత అవుతోందా? కంటిచూపు తగ్గినవాళ్ల రాత గజిబిజి అవుతుంది గానీ ఇలా వరస తప్పకుండా చిన్నదైపోదు. న్యూరాలజిస్టు చేతిలో పెట్టడానికి ఆ పుస్తకం కన్నా మంచి ఆధారం దొరకదు. రాత రాని ఆడవాళ్లకు జొన్నరొట్టె ఉంది. రొట్టె తట్టడానికి అరచేతి దెబ్బలు ఒకే వేగంతో, ఒకే బలంతో పడాలి, రెండో చేయి రొట్టెను తిప్పుతూ ఉండాలి. ఒక చేయి నెమ్మదిస్తే రొట్టె ఒక పక్క మందంగా వస్తుంది, ఆకారం చెడుతుంది. నలభై ఏళ్లు గుండ్రంగా రొట్టె చేసిన అవ్వ "ఎందుకో రొట్టె కుదర్లేదు" అంటే వయసు మీద పడిందని తోసేయకండి. చొక్కా గుండీలు, పంచె కట్టు, దువ్వెన, చిల్లర లెక్కపెట్టడం, సంగటి ముద్ద కలపడం కూడా ఇలాంటి సాక్ష్యాలే.

భుజం నొప్పి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకవైపు భుజం పట్టేసిందని ఎముకల డాక్టర్ల చుట్టూ, పట్లు వేసేవాళ్ల చుట్టూ తిరిగిన తర్వాత అదే చేయి వణకడం మొదలై జబ్బు బయటపడిన సందర్భాలు వైద్యశాస్త్రంలో కొల్లలు. ఊగని చేతికి భుజం బిగుసుకుపోతుంది. కాబట్టి ఒకవైపు భుజం నొప్పితో వచ్చిన యాభై అరవై ఏళ్ల మనిషిని నాలుగు అడుగులు నడిపించి చూడటం ఏ డాక్టరుకైనా విధి.

వీటన్నిటికన్నా ఏళ్ల ముందే వచ్చే గుర్తులూ కొన్ని ఉన్నాయి. ఇంగువ తాలింపు, సాంబ్రాణి వాసన పోల్చుకోలేకపోవడం. మొండి మలబద్ధకం. కారణం లేని దిగులు. నిద్రలో కలకు తగ్గట్టు అరవడం, తన్నడం, మంచం మీంచి దూకడం. "మా ఇంటాయన నిద్దర్లో ఎవరితోనో కొట్లాడతాండాడు" అని భార్య చెబితే అది గాలి సోకడమో ధూళి తగలడమో కాదు. కలగనే నిద్రలో ఒళ్లు సడలి కదలకుండా ఉండాల్సిన ఏర్పాటు దెబ్బతిన్నదని అర్థం. ఇలాంటివాళ్లలో చాలామందికి తర్వాతి సంవత్సరాల్లో పార్కిన్సన్ గానీ దాని దాయాది జబ్బులు గానీ వస్తాయి. తాయెత్తు కట్టించడం ఇష్టమైతే కట్టించండి, డాక్టరుకు చెప్పడం మాత్రం మానొద్దు.

వణికే ప్రతి చేయీ పార్కిన్సన్ కాదు. అంతకన్నా ఎక్కువమందికి ఉండేది ఎసెన్షియల్ ట్రెమర్ అనే వంశపారంపర్య వణుకు. అది పని చేసేటప్పుడు వస్తుంది. టీ గ్లాసు నోటి దాకా తెచ్చేసరికి సగం ఒలికిపోతుంది, ముగ్గు గీత వంకర్లు పోతుంది, సంతకం పెద్దదిగా గజిబిజిగా వస్తుంది. రెండు చేతులకూ ఉంటుంది, తల కాదు కాదన్నట్టు ఊగుతుంది, గొంతు కూడా వణుకుతుంది. నాయనకో జేజికో ఉండి ఉంటుంది. కాగితం మీద నత్తగుల్ల చుట్టలాంటి గీత గీయమంటే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో చుట్ట పెద్దదే గానీ అంచులన్నీ రంపపు పళ్లు. పార్కిన్సన్‌లో చుట్ట చిన్నది, ఒకదానిమీద ఒకటి ఇరుకు. థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసానికి వాడే సాల్బుటమాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులకూ చేతులు వణుకుతాయి.

మందుల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. మన చిన్న ఊళ్లలో మాత్రల వల్ల వచ్చే పార్కిన్సన్ లక్షణాలు చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువ. మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి ఇలా చేస్తాయని డాక్టర్లందరికీ తెలుసు. తెలిసినా తలపుకు రానివి మామూలు మందులు. కళ్లు తిరుగుతున్నాయంటే రాసే సిన్నరిజిన్, పార్శ్వనొప్పికి రాసే ఫ్లూనరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. అన్నిటికన్నా మాయగా దూరేది లెవోసల్పిరైడ్. గ్యాస్ బిళ్లలో పాంటాప్రజోల్‌తోనో రాబిప్రజోల్‌తోనో కలిపి వస్తుంది. ఐదు రోజులకు రాసిన చీటీని పెద్దాయన ఏడాదిపాటు మెడికల్ షాపులో చూపించి కొనుక్కుంటూ ఉంటాడు, "గ్యాస్ మాత్రే కదా" అని. ఈ మందులన్నీ మెదడులో డోపమైన్ పనికి అడ్డుపడేవే. వణుకు, బిగువు, నెమ్మది అన్నీ వస్తాయి, తరచుగా రెండు వైపులా ఒకేసారి. కారణమైన మాత్రను ఆపితే వారాల్లోనో నెలల్లోనో చాలామంది మామూలైపోతారు. ఒక మనిషికి జీవితాంతం మందు రాసేముందు మందుల సంచీ బల్లమీద గుమ్మరించి స్ట్రిప్పుల వెనక చిన్న అక్షరాలు చదవడం కూడా పరీక్షలో భాగమే. మానసిక వ్యాధి మందులు మాత్రం రాసిన డాక్టరును అడగకుండా ఎవరూ సొంతంగా ఆపకూడదు.

పార్కిన్సన్‌ను పోలిన మొండి జబ్బులు కొన్ని ఉన్నాయి. మొదటి ఏడాదిలోనే వెనక్కి పడిపోవడం, కిందికి చూడలేకపోవడం ఉంటే అనుమానించాలి. ఎగువ అహోబిలం మెట్లు దిగేటప్పుడు అడుగు ఎక్కడ పడుతోందో చూసుకోలేనివాళ్లు, కంచంలోకి చూపు దించలేనివాళ్లు ఇలాంటివాళ్లు. నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం, మూత్రం మీద అదుపు పోవడం తొలినాళ్లలోనే వస్తే అది ఇంకో జబ్బు. నడక చెడి, మూత్రం ఆగక, జ్ఞాపకం తగ్గితే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. వాళ్లలో కొందరికి ఆపరేషన్‌తో నడక తిరిగొస్తుంది. చక్కెర విపరీతంగా పెరిగిన మనిషికి ఉన్నట్టుండి ఒకవైపు చేయి, కాలు ఆగకుండా ఎగిరెగిరి పడితే దయ్యం పట్టిందనుకోకుండా ముందు షుగర్ చూడాలి. అది అదుపులోకి వస్తే చాలామందికి ఆ కదలికలూ తగ్గుతాయి.

పిల్లలు, యువకుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపమున్న జన్యువు బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. విల్సన్ జబ్బు అలా వచ్చేదే. ఒంట్లో రాగి పేరుకుపోయి కాలేయం, మెదడు దెబ్బతింటాయి. పదిహేను ఇరవై ఏళ్ల పిల్లకో పిల్లవాడికో మాట ముద్దగా వచ్చినా, చేతులు వణికినా, చొంగ కారినా, చదువులో హఠాత్తుగా వెనకబడ్డా కంటి డాక్టరు చేత నల్లగుడ్డు అంచున గోధుమరంగు ఉంగరం ఉందేమో చూపించాలి. త్వరగా పట్టుకుంటే మందులతో నిలువరించగలిగిన జబ్బు అది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

పత్తి, వరి, శనగ పండించే నంద్యాల రైతుకు ఇంకో సంగతి చెప్పక తప్పదు. కలుపు చంపే పారాక్వాట్‌తో పాటు కొన్ని పురుగుమందులతో ఎక్కువకాలం మెలిగినవాళ్లకు పార్కిన్సన్ ముప్పు పెరుగుతుందని వివిధ దేశాల్లో చేసిన అధ్యయనాలు చూపాయి. ఈ అనుమానానికి బలమిచ్చింది 1982 నాటి ఒక విషాదం. కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల్లోనే పార్కిన్సన్ రోగుల్లా కొయ్యబారిపోయారు. కల్తీలో ఉన్న ఎంపీటీపీ అనే పదార్థం ఒంట్లో మారి తయారయ్యే విషం రసాయన నిర్మాణంలో పారాక్వాట్‌కు దగ్గరి పోలిక. ఒక్కో రైతుకు జబ్బు ఏ మందువల్ల వచ్చిందో వేలెత్తి చూపలేం. కానీ గాలికి ఎదురుగా తైవాన్ పంపు కొట్టడం, ఒట్టి చేత్తో గడ్డిమందు కలపడం మానుకోవడానికి ఇంత తెలిస్తే చాలు. రోగి చరిత్ర రాసుకునేటప్పుడు "ఏం పంట? ఏం మందు? ఎన్నేళ్లు కొట్టారు?" అన్న ప్రశ్నలు మన దగ్గర తప్పనిసరిగా ఉండాలి.

మందు కథలో మన దక్షిణాదికి ఓ గౌరవప్రదమైన చోటు ఉంది. ఆయుర్వేదం కంపవాతం అని పిలిచే స్థితికి వాడే మూలికల్లో కపికచ్ఛువు ఒకటి. మనం దూలగొండి అంటాం, తగిలితే ఒళ్లంతా దురద పెట్టే కాయ. దాని గింజల నుంచి, ఇవాళ పార్కిన్సన్‌కు వాడే లెవోడోపా అనే పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. అప్పటికి ఆ పదార్థం పార్కిన్సన్‌కు పనికొస్తుందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1967లో అమెరికాలో జార్జ్ కొట్జియాస్ నోటి ద్వారా ఎక్కువ మోతాదులో ఇచ్చి మంచాన పడ్డవాళ్లను నడిపించాడు. దూలగొండి పొడి నిజంగానే పనిచేస్తుందని 2004లో లండన్‌లో ఎనిమిది మంది మీద చేసిన చిన్న పరీక్షలో తేలింది. అయితే గింజకు గింజకు లెవోడోపా పాళ్లు మారతాయి. డాక్టరుకు చెప్పకుండా మాత్రలకు తోడు ఈ పొడి తింటే మోతాదు ఎక్కువై ఒళ్లు మెలికలు తిరిగే ప్రమాదం ఉంది.

ఇవాళ లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర జిల్లాలో మందుల షాపుల్లోనే దొరుకుతుంది, ధరా అందుబాటులోనిదే. అది పనిచేసే తీరు కూడా పరీక్షలో ఓ భాగం. సరిపడా మోతాదు ఇచ్చి కొన్ని వారాలు చూసినప్పుడు మనిషి బాగా తేరుకుంటే పార్కిన్సన్ అన్న నమ్మకం బలపడుతుంది. మాత్రను అన్నానికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసంతో కలిపి వేసుకుంటే పేగుల్లో దాని దారికి మాంసకృత్తులు అడ్డుపడతాయి. వాంతి వస్తోందని మెటోక్లోప్రమైడ్ వేసుకుంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టవుతుంది. ఉన్నట్టుండి మాత్ర ఆపేయడం ప్రాణాపాయం. గడప దగ్గర కాళ్లు ఆగిపోయేవాళ్లకు నేలమీద అడుక్కో సుద్దగీత గీస్తే దాన్ని దాటుకుంటూ నడవగలుగుతారు. మందుకు లొంగని కాళ్లు గీతకు లొంగడం చూసినవాళ్లకు గానీ నమ్మకం కలగదు.

ఈ పరీక్ష పొరపాటు పడదా? పడుతుంది. అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2016లో లెక్కచూస్తే క్లినికల్ నిర్ధారణ సుమారు 80 శాతం సరైందని తేలింది. మొదటిసారి చూసినప్పటి కన్నా కొంతకాలం వెంబడి చూసినప్పుడు అది మెరుగుపడుతుంది. అంటే ఒక్కసారి చూసి ముద్ర వేయడం కాదు, ఆరు నెలలకోసారి అదే వరండాలో అదే నడక మళ్లీ చూడాలి. హైదరాబాదు వెళ్లి ఒక్కసారి చూపించుకొచ్చి, తర్వాత రెండేళ్లు అదే చీటీ మీద నడిచే మన అలవాటుకు ఇది పూర్తి విరుద్ధం. దగ్గర్లో ఉండి పదేపదే చూసే డాక్టరు అవసరం ఇక్కడే. 2019లో ప్రపంచంలో 85 లక్షలకు పైగా పార్కిన్సన్ రోగులున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆయుర్దాయం పెరిగేకొద్దీ ఈ సంఖ్య పెరుగుతుంది. ప్రతి మండలానికీ న్యూరాలజిస్టు రావడం మన జీవితకాలంలో జరిగే పని కాదు.

జరగగలిగింది వేరే ఉంది. 2023 సెప్టెంబరులో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు మొదలయ్యాయి. అక్కడ చదివే పిల్లలకు రోగిని నడిపించి చూడటం, పదిహేను సార్లు వేళ్లు ఆడించి చూడటం, మందుల సంచీ విప్పి చూడటం చేతికి పట్టిన అలవాటుగా నేర్పితే, ఆ పిల్లలే రేపు ఆళ్లగడ్డలో, కోవెలకుంట్లలో, బనగానపల్లెలో డాక్టర్లవుతారు. పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు ఒక్క పూట శిక్షణ ఇచ్చి, అరవై దాటినవాళ్లను లేపి నాలుగడుగులు నడిపించమంటే చాలు. జబ్బు పేరు వాళ్లు చెప్పక్కర్లేదు. చేయి ఊగడం లేదని దగ్గర్లోని డాక్టరుకు రాసి పంపితే అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రి దాకా దారి ఉంది.

చదువుతున్న మీకు ఒక మనవి. ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఒకవైపు చేయి వణుకుతున్నా, అడుగు చిన్నదవుతున్నా, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మూడు పనులు చేయండి. కుర్చీలోంచి లేచి, నడిచి, వెనక్కి తిరిగి వచ్చేదాకా ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి. పాత రామకోటి పుస్తకమో, పాత సంతకమున్న పాసుపుస్తకమో వెంట పెట్టుకోండి. గ్యాస్ మాత్రలతో సహా గడిచిన ఏడాదిలో వాడిన మందులన్నీ సంచీలో వేసుకెళ్లండి. స్కాన్ సంగతి ఇవన్నీ చూసిన డాక్టరు చెప్పినప్పుడు చూసుకోవచ్చు.